మంచు దారికి మంచి బండి

పూర్వం మన ఇళ్ళల్లో అటక మీద ఒక పెద్ద గుండిగ ఉండేది. ఇంట్లో పెళ్ళో, ఒడుగో, తద్దినమో వచ్చిన రోజున ఇద్దరు మనుషులు పట్టి దాన్ని కిందికి దించేవారు. పని కాగానే తోమి, ఆరబెట్టి, మళ్ళీ అటకెక్కించేవారు. గుండిగ ఉంది కదా అని రోజూ నలుగురి అన్నం అందులో వండిన ఇల్లాలు నాకెక్కడా తారసపడలేదు. గుండిగ లేని ఇళ్ళూ ఉండేవి. వాళ్ళు పక్కింట్లో అడిగి తెచ్చుకునేవారు. ఇప్పుడైతే షామియానా వాళ్ళే వంటసామాను కూడా అద్దెకిస్తున్నారు.

గిన్నెల దగ్గర ఇంత తెలివిగా ఉండే మనం కార్ల దగ్గరకి వచ్చేసరికి ఎందుకిలా అయిపోతామా అని కొంతకాలంగా నాకొక ఆలోచన పట్టుకుంది. ఏడాదిలో పదీ పన్నెండు రోజుల అవసరం చూసి, ఏడాది పొడుగునా తిరిగే బండిని కొంటున్నాం. ఖర్చు సంగతి ఒక్కటే అయితే నేనింత దూరం ఆలోచించను. ఎవరి డబ్బు వాళ్ళిష్టం. కానీ ఇందులో మంచీ చెడూ కూడా కలిసి ఉన్నాయి. కారు కొనడంలో మంచీ చెడూ ఏమిటమ్మా అంటారా? అదే చెప్పబోతున్నాను.

మా అమ్మాయీ అల్లుడూ అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ నగరంలో ఉంటారు. ఊరికి పడమటివైపు రాకీ పర్వతాలు. చలికాలం వచ్చిందంటే అక్కడి జనానికి శని ఆదివారాలు ఇంట్లో కాలు నిలవదు. బూట్లకి పొడుగాటి బద్దలు తగిలించుకుని మంచుకొండ మీంచి జారడానికి బయలుదేరుతారు. స్కీయింగ్ అంటే అదే. ఆ రాష్ట్రంలో అందుకు పాతికకి పైగా కేంద్రాలున్నాయి. విజయవాడ ఎండల్లో పెరిగి, డిసెంబరులో కూడా ఫ్యాను కట్టనివ్వని మా అమ్మాయి అక్కడికి వెళ్ళి ఆ పిచ్చిలో పడిందంటే మీరు నమ్మాలి. తొమ్మిదేళ్ళ మనవడి సంగతి సరేసరి. నడవడం కంటే జారడమే సులువంటాడు వాడు.

రెండేళ్ళ కిందట చలికాలంలో నేనక్కడ ఉన్నప్పుడు వాళ్ళ కారు పాతబడి, కొత్తది కొనాల్సి వచ్చింది. మంచు ప్రయాణాలకి మంచి బండి ఏది? ఉన్న రెండు నెలలూ భోజనాల దగ్గర ఇదే చర్చ. తెలుగువాళ్ళింట్లో విందుకి వెళితే అక్కడా ఇదే. మగవాళ్ళు హార్స్‌పవర్ లెక్కలు వేస్తూ ఉంటే, ఆడవాళ్ళు వంటింట్లో ఒక్క మాటలో తేల్చేసేవారు. "ఎంత పెద్దదైతే అంత క్షేమం, పిన్నిగారూ!"

మా అల్లుడికీ అదే నమ్మకం. మూడు వరుసల సీట్లు, నిలువెత్తు చక్రాలు, గుర్రం ఎక్కినట్టు ఎక్కాల్సిన ఒక భారీ ఎస్.యు.వి. మీద ఆయన మనసు పడింది. నన్ను కూడా షోరూముకి తీసుకెళ్ళారు. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పైన పిడి పట్టుకుని నేను ఆ సింహాసనం అధిష్ఠించేసరికి సేల్స్‌మన్ చప్పట్లు ఒక్కటే కొట్టలేదు. "దీన్ని ఎవరొచ్చి గుద్దినా లోపల మనవాళ్ళకి ఏమీ కాదు, అత్తయ్యగారూ" అన్నారు అల్లుడుగారు.

నిజానికి ఆయన అన్నదాంట్లో తప్పేముంది? పెళ్ళాం పిల్లలు క్షేమంగా ఉండాలని కోరుకునే మనిషి. అయినా ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. గుద్దినవాడి సంగతేమిటి? అతని బండిలో కూడా వెనకసీట్లో ఒక తొమ్మిదేళ్ళవాడు ఉంటాడు కదా.

ఆ దారి ఎలాంటిదో కాస్త చెప్పాలి. డెన్వర్ నుంచి కొండల్లోకి వెళ్ళే ముఖ్యమైన రోడ్డు ఐ-70 అనే రహదారి. వెయిల్ అనే పేరుమోసిన స్కీ పట్నానికి దాదాపు వంద మైళ్ళు. మధ్యలో పర్వతాన్ని తొలిచి వేసిన ఐసెన్‌హవర్ సొరంగం వస్తుంది. మొదటి గొట్టం 1973లో, రెండోది 1979లో తెరిచారు. పొడవు 1.7 మైళ్ళు. ఎత్తు 11,000 అడుగుల పైమాటే. మన తిరుమల కొండకి మూడింతలకి మించి అన్నమాట. సొరంగం దాటాక నిటారుగా దిగుడు. బ్రేకులు పట్టు తప్పిన లారీలు ఎక్కి ఆగడానికి పక్కన గులకరాళ్ళు పోసిన ఎగువ దారులు వేసి ఉంచారు. ఆ దారులు చూసినప్పుడే నాకర్థమైంది, అక్కడ కష్టం ఎక్కడంలో కాదు, దిగడంలో ఉందని. మన ఘాట్ రోడ్డు డ్రైవర్లనడిగినా చెబుతారు, ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలని.

ఎక్కడానికి మటుకు ఇప్పటి బళ్ళు దేనికీ జంకవు. ఆడి కంపెనీవాళ్ళు 1986లో ఫిన్లండ్‌లో కైపోలా అనే చోట, స్కీ ఆటగాళ్ళు గాలిలోకి గెంతడానికి కట్టిన ఏటవాలు మీద తమ క్వాట్రో కారుని ఎక్కించి ప్రకటన తీశారు. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందితే కారు ఎంతటి మంచులోనైనా ముందుకి పోతుందని లోకానికి చాటారు. నిజమే, పోతుంది. కానీ ఆపడానికి ఏ కారుకైనా ఉన్నవి నాలుగు చక్రాలు, నాలుగు బ్రేకులే కదా! రెండు చక్రాల బలంతో నడిచేదైనా, నాలుగు చక్రాల బలంతో నడిచేదైనా గాజులాంటి మంచు మీద బ్రేకు నొక్కితే రెండూ ఒకలాగే జారతాయి. పైగా నాలుగు చక్రాల బండి బయలుదేరేటప్పుడు తడబడదు కనక, రోడ్డు ఎంత నున్నగా ఉందో నడిపేవాడికి ముందుగా తెలియనివ్వదు. ధైర్యం ఇస్తుంది గాని పట్టు ఇవ్వదు.

పట్టు ఇచ్చేది టైరు. అరచేయంత రబ్బరు ముక్కలు నాలుగు, అంతే, నేలని తాకేవి. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పోతే బిరుసెక్కుతుంది, ఫ్రిజ్‌లో పెట్టిన వెన్నలాగ. చలికాలపు టైరు అప్పుడు కూడా మెత్తగా ఉండి, సన్నటి గాట్లతో మంచుని పట్టుకుంటుంది. మూడు శిఖరాల కొండబొమ్మలో మంచురేకు గుర్తు దాని పక్కన అచ్చు వేసి ఉంటుంది. కెనడాలో క్వెబెక్ రాష్ట్రంవారు డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు ఈ టైర్లు లేకుండా కారు నడపకూడదని చట్టమే చేశారు. కొలరాడోలోనూ 2019 నాటి చట్టం ప్రకారం సెప్టెంబరు నుంచి మే దాకా ఐ-70 కొండదారిలో టైర్ల గాడి లోతు అంగుళంలో 3/16 వంతు ఉండాలి, అంటే అయిదు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. నాలుగు చక్రాల బలం ఉన్న బండికీ ఆ లోతు తప్పదు. మన దేశంలో చట్టం అడిగేది 1.6 మిల్లీమీటర్లే. మనవైపు మంచు పడదు కాబట్టి సరిపోయింది.

"రెండు జతల టైర్లంటే రెండింతల ఖర్చు కదమ్మా" అంది అమ్మాయి. చెప్పుల లెక్కే కదా, రెండు జతలుంటే ఒక్కొక్కటి రెండింతల కాలం వస్తుంది అన్నాను. అది లెక్క వేసుకుని ఊరుకుంది. (పెట్టుకోవడానికి చోటు కావాలన్నది మాత్రం నిజం. ఆ ఇంట్లో కారు పెట్టే చోట ఇప్పుడు టైర్లున్నాయి, కారు వీధిలో ఉంది.)

ఇక అసలు విషయానికి వస్తాను. మన కాలనీల్లో వానాకాలం చూడండి. కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళు తమ స్థలాన్ని రోడ్డు కంటే రెండడుగులు మెరక చేసుకుంటారు. వాన పడితే వాళ్ళ గుమ్మం తడవదు. ఆ నీళ్ళు ఎక్కడికి పోవాలి మరి? పక్కన పాతికేళ్ళ కిందట కట్టిన పాత ఇంట్లోకి పోతాయి. ఆ పాత ఇంటివాళ్ళు రెండేళ్ళు ఓర్చి, అప్పో సప్పో చేసి తామూ మెరక వేయిస్తారు. అప్పుడు నీళ్ళు మూడో ఇంటికి. వీధిలో ఎవరికీ ఎవరి మీదా ద్వేషం లేదు. అందరూ తమ పిల్లల పుస్తకాలు తడవకూడదనే చేశారు. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఇంటి ముందు కాలవలో పూడిక తీయించడం. అదీ నా ఇల్లు తడవకూడదనే స్వార్థంతోనే చేస్తాను. కానీ నేను తీయించిన కాలవలో పక్కింటి నీళ్ళు కూడా పోతాయి.

క్షేమాన్ని కొనుక్కోవడంలో ఈ రెండు తోవలూ ఉన్నాయని నా మటుకు నాకు తోస్తుంది. ఒకటి ప్రమాదాన్ని తగ్గించేది, రెండోది ప్రమాదాన్ని పక్కింటికి తోసేది. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి, కొనేవాడి మనసులో ఉండే ప్రేమ కూడా రెండింట్లో ఒకటే.

చలికాలపు టైరు కాలవ పూడిక తీయించడం లాంటిది. నా కారు త్వరగా ఆగితే నేను బతుకుతాను, నా ముందున్న కారువాడూ బతుకుతాడు. సీటు బెల్టూ అంతే, నిదానంగా నడపడమూ అంతే. అమెరికాలో 2012 మోడల్ నుంచి ప్రతి కారుకీ తప్పనిసరి చేసిన, జారినప్పుడు బండిని దారిలో పెట్టే ఏర్పాటు కూడా అలాంటిదే. బరువూ ఎత్తూ మాత్రం మెరక లాంటివి. రెండు బళ్ళు ఢీకొంటే బరువైనదాంట్లో వాళ్ళకి తగ్గిన దెబ్బ గాలిలో కలిసిపోదు. తేలికైనదాంట్లో వాళ్ళకి చేరుతుంది.

ఇది నా ఊహే కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం బోధించిన మిషెల్ వైట్ అనే ఆవిడ 2004లో దీన్ని లెక్క కట్టి అచ్చు వేశారు. పెద్ద బళ్ళవాళ్ళు తమకి తప్పించుకున్న ఒక్కొక్క ప్రాణాంతక ప్రమాదానికీ, ఇతరుల పాలిట అలాంటివి కనీసం 4.3 అదనంగా జరుగుతున్నాయని ఆ లెక్క. ఆవిడ ఆ వ్యాసానికి పెట్టిన పేరు అమెరికా రోడ్ల మీద ఆయుధాల పోటీ అని. ఒకటికి నాలుగు! పట్టుచీర కొంటే నాలుగు ఇళ్ళల్లో దీపాలు ఆరిపోతాయని తెలిస్తే మనం ఆ చీర కడతామా?

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ తరవాత తయారీదారులు ఎస్.యు.వి.ల ముందు భాగం కిందికి దించి, చిన్న కారు బంపరుకి ఎదురుగా వచ్చేట్టు చేశారు. అందువల్ల పక్క కారువాళ్ళకి హాని చాలావరకు తగ్గింది. ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ అనే అమెరికా సంస్థే ఆ సంగతి చెప్పింది. 2025లో ఆ సంస్థే ఇంకో మాట కూడా చెప్పింది. సగటు కంటే తేలికైన కారులో కొంత బరువు పెరిగితే లోపలివాళ్ళకి మేలు ఉంది. సగటు దాటాక పెరిగే బరువు వల్ల మాత్రం లోపలివాళ్ళకి కలిసొచ్చేది దాదాపు ఏమీ లేదు, అవతలివాళ్ళకి ప్రమాదం మటుకు పెరుగుతూ పోతుంది. అంటే మెరక మీద మెరక వేయించేవాడికి గుమ్మం ఎత్తు పెరుగుతుంది గాని తడి తగ్గదన్నమాట.

కార్లలో ఉన్నవాళ్ళ సంగతి ఇదైతే, నడిచేవాళ్ళ మాటేమిటి? మంచు ప్రయాణానికని కొన్న బండి మిగిలిన 350 రోజులూ ఎక్కడ తిరుగుతుంది? బడి దగ్గర, కూరల దుకాణం దగ్గర, ఇళ్ళ మధ్య. బానెట్ 40 అంగుళాలకి మించి ఎత్తుగా ఉన్న బళ్ళు తగిలినప్పుడు, ముక్కు తగ్గి వాలుగా ఉన్న కార్లతో పోలిస్తే, నడిచేవాళ్ళు చనిపోయే అవకాశం 45 శాతం ఎక్కువని అదే సంస్థ 2023లో తేల్చింది. నలభై అంగుళాలంటే మా మనవడికి గుండె దాకా వస్తుంది. అమెరికాలో బళ్ళ కింద పడి చనిపోయిన పాదచారులు 2009లో 4,100 మంది అయితే, 2022లో 7,500 దాటారు. దీనికంతటికీ పెద్ద బళ్ళే కారణమని అనను. ఫోన్లున్నాయి, చీకటి రోడ్లున్నాయి, వేగం ఉంది. కానీ షోరూములో ఆ సింహాసనం మీద కూర్చుని ముందుకి చూస్తే నేల కనిపించలేదు నాకు. బండి ముందు ఒక పసివాడు నిలబడి ఉంటే కూడా కనిపించడు.

ఇదంతా ఒకరోజు రాత్రి అల్లుడుగారితో అన్నాను. ఆయన చదువుకున్న మనిషి, తోసిపారేయలేదు. "మీరన్నది సబబే, అత్తయ్యగారూ. కానీ అందరూ మెరక వేసుకున్న వీధిలో మనం ఒక్కళ్ళం పల్లంలో ఉంటే మునిగేది మనమే కదా?" అన్నారు.

గట్టి ప్రశ్నే అది. నా ఒక్కదాని ప్రాణం అయితే ఎలాగైనా చెప్పొచ్చు. ఊరందరి ధర్మం కోసం పసివాడి ప్రాణం పణం పెట్టే హక్కు నాకెవరిచ్చారు? తల్లి తన బిడ్డకి ముందు పెట్టి, తరవాతే ఊరికి వడ్డిస్తుంది. అది తప్పని ఏ ధర్మశాస్త్రం చెప్పినా నేను వినను. అయితే ముందు పెట్టడం వేరు, పక్కవాడి విస్తట్లోంచి తీసి పెట్టడం వేరు. సగటు బరువున్న కారు, మంచి టైర్లు, నిదానం, ఇవన్నీ ఉన్న తరవాత కూడా మిగిలే ఆ కొసరు భయానికి నేను ఇంకొకరి బిడ్డని అడ్డం పెట్టలేను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఒప్పుకున్నారని కాదు, ఆలోచించారు. నాకంతే చాలు.

మరి ఏం కొన్నారంటారా? నా ఓటు వ్యానుకి. క్రైస్లర్ కంపెనీ 1983 చివర్లో మొదలుపెట్టిన మినీవ్యాను రకం. నేల దగ్గరగా గుమ్మం, పక్కకి జరిగే తలుపు, చీర కట్టుకున్న ముసలమ్మ కూడా మర్యాదగా ఎక్కగలదు. బరువు తక్కువేమీ కాదు గాని ముక్కు కిందికి వాలి ఉంటుంది. టొయోటా సియెన్నా లాంటివి ఇప్పుడు నాలుగు చక్రాల బలంతో కూడా వస్తున్నాయి. కానీ మా అమ్మాయి మొహం చిట్లించింది. "అది అమ్మల బండి అమ్మా!" అంది. నువ్వేమిటే మరి అన్నాను. నవ్వేసింది గాని ఒప్పుకోలేదు. పిల్లల్ని బడికి దింపే, కూరలు మోసే బండిలో కనిపించడం అక్కడ చదువుకున్న ఆడవాళ్ళకి కాస్త నామోషీ. కొండలెక్కే వీరుల బండి కొంటే ఆ నామోషీ ఉండదు. చేసే పని మటుకు అదే, పిల్లల్నీ కూరల్నీ మోయడమే! ఎంత బరువు ఇనుము ఈ సిగ్గు మీద అమ్ముడుపోతోందో ఎవరైనా తూచి చెబితే బాగుండును.

చివరికి మధ్యరకంగా పొడుగాటి వేగన్ కారు ఒకటి కొన్నారు. నాలుగు చక్రాల బలం ఉంది, ఎత్తు అవసరానికి తగినంతే. వెనకసీటు మధ్య భాగం మడిస్తే స్కీ బద్దలు పొడుగ్గా లోపలికే పడతాయి, అటూ ఇటూ ఇద్దరు కూర్చోవచ్చు. మంచు కరిగిన నీళ్ళకి కింద రబ్బరు చాపలు. నేనూ వియ్యపురాలూ ఒకేసారి వెళ్ళిన రోజున ఏడు సీట్లది అద్దెకి తెస్తారట. గుండిగ అద్దెకి తెచ్చుకున్నట్టు.

అసలు కారే అక్కర్లేని దారి కూడా ఉంది. డెన్వర్ యూనియన్ స్టేషన్ నుంచి వింటర్ పార్క్ స్కీ కేంద్రానికి చలికాలంలో రైలుంది. 1940లో మొదలైన స్కీ రైలు 2009లో ఆగిపోతే, ఆమ్‌ట్రాక్ వాళ్ళు 2017 నుంచి మళ్ళీ నడుపుతున్నారు. 1928లో తెరిచిన ఆరు మైళ్ళ మొఫట్ సొరంగంలోంచి వెళ్ళి కొండ పాదం దగ్గరే దింపుతుంది. రాష్ట్ర రవాణా శాఖవారు 2019 నుంచి స్నోస్టాంగ్ అనే బస్సులు కూడా వేశారు. జనం ఎక్కుతున్నారు గాని కార్ల వరసతో పోలిస్తే అదెంత!

నేనడిగి తీసుకున్న మాట మరొకటుంది. మంచు తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున వెళ్ళకూడదని. ఇది చెప్పినంత సులువు కాదట. ఎపిక్ పాస్ అని 2008లోనూ, ఐకాన్ పాస్ అని 2018లోనూ వచ్చాయి. చలికాలం మొత్తానికి ముందే డబ్బు కట్టేయాలి. కట్టాక ఒక్క శనివారం పోయినా ప్రాణం ఉసూరుమంటుంది. దానికి తోడు వాకిట్లో ఎంత మంచుకైనా జంకని బండి ఉంటే "ఇవాళ వద్దులే" అనే మాట నోట రావడం మరీ కష్టం. బండి మనకి ఇచ్చే ధైర్యం కూడా ఖరీదులో చేరే ఉంటుంది కాబోలు. మా వాళ్ళు కిందటేడు రెండు శనివారాలు మానేశారు. ఒకరోజు సగం దారిలోంచి వెనక్కి వచ్చారు. మనవడు రోజంతా అలిగాడట.

అక్కడ శనివారం సాయంత్రం అయిదైతే ఇక్కడ మనకి ఆదివారం తెల్లవారుజాము అయిదున్నర. వాళ్ళు కొండకి వెళ్ళిన వారం నాకు ఆ వేళకి మెలకువ దానంతటదే వస్తుంది. పాలపొయ్యి వెలిగించి, ఫోను గట్టు మీద పెట్టుకుని నిలబడతాను. అమ్మాయి నడుపుతూ ఉంటుంది కనక వెనకసీట్లోంచి వాడే పంపుతాడు, వచ్చీరాని తెలుగులో, "అమ్మమ్మా, సొరంగం దాటాం" అని. అక్కడి నుంచి ఇంటికి ఇంకా గంటకి పైగా దారి ఉంది.